ఇంజను దాహము

తిరుమల కొండకు మోటారు బండ్లు పోవుటకై మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరవబడినది. 1974లో రెండవ త్రోవ ఏర్పడువరకు ఎక్కు బండ్లకును, దిగు బండ్లకును ఆ దారి యొక్కటియే శరణ్యము. అటువంటి కొండదారిలో, వేసవి మధ్యాహ్నమున, నిండుగా జనమును, సామానును మోసికొని మలుపు వెంట మలుపు తిరుగుచు ఎక్కు పాతకారు నొకదానిని ఊహించుకొనవచ్చును. చిన్న గేరులో నడుచుటచే ఇంజను బిగ్గరగా మూలుగుచుండును. వేగము స్వల్పమగుటచే దానికి ఎదురుగాలి చాలినంత తగులదు. కొంతసేపటికి బానెట్టు అంచులనుండి తెల్లని ఆవిరి వెలువడును. వెనువెంటనే బుసబుసమను శబ్దము వినబడును. డ్రైవరు బండిని ప్రక్కకు తీసి నిలుపును. ప్రయాణికులు దిగి చెట్టు నీడకు చేరుదురు. “ఇంజను వేడెక్కినది, నీళ్లు కావలెను” అనుచు ఒకరు డబ్బా పట్టుకొని బయలుదేరుదురు.

నీరు పోయుటతో ఆనాటి బాధ తీరవచ్చును. కాని ఆ బండి మరుసటి వారమును, ఆపై వారమును అట్లే నిలిచిపోయినచో, లోపము నీటి కొరతలో లేదని గ్రహింపవలెను. ఆ ఇంజను లోపల ఏండ్ల తరబడి తిరుగుచున్న నీరు చెడిపోయి, తాను కాపాడవలసిన లోహమునే తినివేయుచున్నది.

పెట్రోలు ఇంజనులో ఇంధనము సిలిండరుల లోపల మండును. ఆ మంట క్షణకాలము మాత్రమే నిలుచును గాని, దాని వేడిమి 2000 సెంటిగ్రేడు డిగ్రీలను మించును. పోతయినుము ఇంచుమించు 1200 డిగ్రీలకు కరగును. అల్యూమినియమునకు 660 డిగ్రీలే చాలును. అట్లయినను ఇనుప సిలిండరుగాని, దానిలో ఆడు అల్యూమినియపు పిస్టనుగాని కరగిపోకున్నవి. మంట క్షణికమగుట ఒక కారణము. సిలిండరు గోడల వెనుక ప్రవహించు నీరు ఆ వేడిమిని ఎప్పటికప్పుడు లాగికొనిపోవుట రెండవ కారణము. పెట్రోలునందలి శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే బండిని నడుపుటకు ఉపయోగపడును. మూడవ వంతు పొగగొట్టము దారిని పట్టును. ఇంచుమించు అంతే భాగము చల్లార్చు నీటిలో చేరును. అనగా బండిని లాగు శక్తికంటె నీరు మోయు వేడిమి యేమియు తక్కువ కాదు.

ఈ నీటి బాధ కారుతోపాటే పుట్టినది. 1886లో కార్ల్ బెంజ్ అను జర్మను ఇంజనీరు పేటెంటు పొందిన మూడుచక్రముల బండిలో నీరు మరగి ఆవిరియై పోవుటచేతనే ఇంజను చల్లబడెడిది. 1888 ఆగస్టులో అతని భార్య బెర్తా బెంజ్, భర్తకు తెలుపకయే, తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని ఆ బండి మీద మన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినది. మోటారు బండి దూరప్రయాణమునకు పనికివచ్చునని లోకమునకు చూపిన యాత్ర అది. దారి పొడవునను ఆమె నీటికొరకు ఆగవలసి వచ్చెను.

ఆవిరియై పోవు నీటిని మాటిమాటికి పోయుటకంటె, ఉన్న నీటినే చల్లార్చి మరల వాడుకొనుట మేలుగదా! 1901 నాటి మెర్సిడెస్ కారునకై విల్హెల్మ్ మైబాఖ్ నిర్మించిన రేడియేటరు ఈ పనిని చక్కగా నెరవేర్చినది. తేనెపట్టువలె కనబడు ఆ పరికరములో 8,070 సన్నని గొట్టములు ఉండెడివి. వాటి గుండా గాలి దూసుకొనిపోవుచుండగా, వాటి నడిమి సందులలో నీరు పారుచు చల్లబడెడిది. ఆ బండికి 9 లీటర్ల నీరే చాలెను.

తరువాతి కాలపు రేడియేటరులలో ఈ యేర్పాటు తారుమారైనది. వానిలో పలుచని గొట్టముల లోపల నీరు పారును. వెలుపల, రేకుల నడుమ, గాలి వీచును. ఇంజనుచే తిరుగు బెల్టు ఒక పంపును నడుపును. ఆ పంపు నీటిని సిలిండరుల చుట్టును త్రిప్పి, పై రబ్బరు గొట్టము ద్వారా రేడియేటరు తలకు చేర్చును. అచ్చట నీరు గొట్టముల వెంట క్రిందికి దిగుచు చల్లబడి, క్రింది గొట్టము ద్వారా ఇంజనునకు మరలివచ్చును. దారిలో థర్మోస్టాటు అను చిన్న కవాటము కలదు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసికొని యుండి, సుమారు 80 డిగ్రీలకు తెరచికొనును. ఇంజను మిక్కిలి చల్లగా ఉన్నను సరిగా పనిచేయదు. ఈ సంగతి తెలియక, వేడెక్కు బండికి మందని తలచి థర్మోస్టాటును ఊడబెరికి పారవేయువారు కలరు. అది జ్వరము వచ్చినదని థర్మామీటరును విరుగగొట్టుట వంటిది.

రేడియేటరు మూత కూడ సామాన్యమైన మూత కాదు. దానిలో స్ప్రింగు గల కవాటము ఉండును. లోపలి నీటిపై అది ఒత్తిడి నిలిపి ఉంచును. ఒత్తిడి పెరిగిన కొలది నీరు మరగు వేడిమియు పెరుగును. సామాన్య వాయుపీడనమునకు అందులో సగము అదనముగా చేరినచో, నీరు 100 డిగ్రీలకు బదులు ఇంచుమించు 111 డిగ్రీలకు గాని మరగదు. వంటయింటి ప్రెషరు కుక్కరులో పప్పు త్వరగా ఉడుకుటకును ఇదియే కారణము.

ఇట్టి చక్కని యేర్పాటు చెడుటకు మూలము ఒక అపోహ. నీటికి బదులు పోయవలసిన రంగు ద్రవమునకు కూలెంటు అని పేరు. దానిని గూర్చి అడిగినచో, “అది మంచు కురియు దేశములవారికి, ఇచ్చట బోరునీరు చాలును” అని పలువురు డ్రైవర్లు చెప్పుదురు. ఈ మాటలో సగము సత్యము లేకపోలేదు. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణము నూటికి 9 పాళ్లు పెరుగును. ఆ బలమునకు ఇనుప ఇంజను సైతము పగులును. చలిదేశములవారు నీటిలో ఏదో యొకటి కలిపి దీనిని తప్పించుకొనజూచిరి. 1856లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్ తయారుచేసిన ఇథిలీన్ గ్లైకాలు అను చిక్కని ద్రవము ఆ పనికి కుదిరినది. నీరు సగము, గ్లైకాలు సగము కలిసిన మిశ్రమము సున్నకు దిగువ సుమారు 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. లడఖులో బండి నడుపువారికి అది ప్రాణావసరము. విశాఖ మన్యమునందలి లంబసింగిలో ఏ చలికాలపు తెల్లవారుజాముననో తప్ప, తెలుగునాట ఎచ్చటను నీరు గడ్డకట్టునంతటి చలి కానరాదు.

అయితే కూలెంటు చేయు పని అది యొక్కటియే కాదు. వేడిదేశములో దాని ముఖ్యకార్యము వేరొకటి: లోహమును త్రుప్పునుండి కాపాడుట.

ఇంజను లోపలి లోకమును ఒకసారి పరికింపవలెను. 1950ల చివరినుండి 2014 వరకు కలకత్తా చెంతనున్న ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్సువారు నిర్మించిన అంబాసిడరు కారు, ఇంగ్లీషు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డు కారునకు వారసురాలు. చిరకాలము దానిలో నడచిన 1489 ఘనసెంటిమీటర్ల పెట్రోలు ఇంజను పోతయినుముతో చేయబడినది. ఆ నాటి రేడియేటరులు రాగి, ఇత్తడి రేకులతో చేయబడి, సీసము తగరము కలిసిన టంకముతో అతుకబడెడివి. ఇన్ని లోహములును ఒకే నీటిలో తడియుచుండును. భిన్నలోహములను లవణములు గల నీటిలో ఉంచినచో విద్యుత్తు పుట్టునని విజ్ఞానశాస్త్ర పాఠములలో చెప్పబడును. బ్యాటరీలో అది మేలు. ఇంజనులో అదే కీడు. ఏలయన, ఆ విద్యుత్తు పుట్టుచున్నంత కాలము ఏదో యొక లోహము కరగిపోవుచుండును. దానికి తోడు వేడియు, గాలిలోని ఆమ్లజనియు కలిసినప్పుడు ఇనుము త్రుప్పుపట్టుట చెప్పవలసిన పనియే లేదు.

బోరునీరు ఈ బాధను ఇంకను పెంచును. తెలుగు జిల్లాలలో పలుచోట్ల బోరునీరు కఠినజలము. నీళ్లు కాచు గిన్నె అడుగున కొన్నినాళ్లకు తెల్లని పెచ్చు కట్టుట ప్రతి యింటను కనబడు విషయమే. ఇంజను లోపలను అట్టి పెచ్చే కట్టును. అది వేడిమిని లోహమునుండి నీటిలోనికి సులభముగా పోనీయదు. రేడియేటరు గొట్టములు మొదటినే సన్ననివి. సున్నపు పెచ్చు, త్రుప్పు మడ్డి కలిసి వానిని ఒకటొకటిగా మూసివేయును. కొండయెక్కు కారు ఆవిరి క్రక్కుట అకస్మాత్తుగా జరిగినట్లు తోచును గాని, దాని వెనుక ఇట్టి చరిత్ర ఏండ్ల తరబడి సాగియుండును.

కూలెంటులో గ్లైకాలుతోపాటు త్రుప్పును నివారించు ద్రవ్యములు కొద్దిపాటిగా కలుపబడి యుండును. అవి లోహముపై కంటికి కానరాని పలుచని పొరగా ఏర్పడి దానిని కాపాడును. ఈ కాపలాదారులు క్రమముగా ఖర్చయిపోవుదురు. గ్లైకాలు కూడ వేడిచేతను, గాలిచేతను మెల్లమెల్లగా పులిసి ఆమ్లములుగా మారును. అందుచేత పాతబడిన కూలెంటు కంటికి ఆకుపచ్చగానే కనబడినను, గడ్డకట్టకుండు గుణము చెడకున్నను, లోహమునకు శత్రువు కావచ్చును. పాత తరహా కూలెంటును రెండేండ్ల కొకసారి మార్చవలెనను నియమము ఇందువలననే పుట్టినది. కొత్త తరహా ద్రవములు కొన్ని ఐదేండ్లు నిలుచును. రంగును మాత్రము నమ్మరాదు. అది తయారీదారులు కలుపు వర్ణమే గాని గుణమునకు గుర్తు కాదు. రెండు రకములను కలుపరాదు. రాగి, ఇత్తడి రేడియేటరు గల పాతబండికి, అట్టి లోహములకు తగినదని డబ్బాపై వ్రాయబడిన ద్రవమునే కొనవలెను.

ఇక పని సంగతి. ఇది వాహన మేస్త్రీ చేయు పనులలో తేలికైనదే. కాని దీనికి ఓర్పు ముఖ్యము.

బండి పూర్తిగా చల్లారిన పిమ్మటనే మూతపై చేయి వేయవలెను. తొందరపడి ఈ నియమమును మీరుటవలన ముఖమును, చేతులను కాల్చుకొన్నవారు ఎందరో కలరు. కారణము సులభముగా తెలియును. మూత బిగిసియున్నంతసేపు 110 డిగ్రీల నీరైనను ఒత్తిడికి లోబడి మరగక నిలిచియుండును. మూత తీసిన మరుక్షణమే ఒత్తిడి తొలగును. అప్పుడా నీటిలో కొంత ఒక్క పెట్టున ఆవిరియై, మిగిలిన సలసల కాగు నీటిని పిచికారివలె పైకి చిమ్మును. అది గుడ్డ కప్పినంత మాత్రమున ఆగదు. దారిలో ఆగిన బండి విషయములోను ఇదే నియమము. ఇంజను ఆపి, పై రబ్బరు గొట్టము చేతికి చల్లగా తగులువరకు, అరగంటయైనను గంటయైనను వేచియుండవలెను. కాలిన ఇంజనులో చన్నీరు గుమ్మరించినచో పోతయినుము పగులుటయు కలదు.

చల్లారిన బండిని సమతలముపై నిలిపి, మూత తీసి, రేడియేటరు అడుగున నున్న కుళాయి క్రింద వెడల్పైన తొట్టి నుంచి దానిని తెరువవలెను. అంబాసిడరు వంటి బండ్లలో ఇంజను ప్రక్కను మరియొక కుళాయి కలదు. రెండవదానిని మరచువారే ఎక్కువ. రేడియేటరు కుళాయి ఒక్కటి తెరచినచో ఇంజను అడుగునున్న పాతనీరును, మడ్డియు అచ్చటనే నిలిచిపోవును. పలుమార్లు ఈ ఇంజను కుళాయిని పానాతో తెరచినను చుక్కయైన రాదు. అంతమాత్రముచే లోపల నీరు లేదని తలపరాదు. సన్నని తీగను లోనికి పొడిచినచో, మొదట ఎర్రమట్టి వంటి త్రుప్పుముద్ద జారి, ఆ వెనుక నీరు ధారకట్టును. ఆ నీటి రంగును చూచినవారికి కూలెంటు ఏల అవసరమో వేరుగా బోధింపనక్కరలేదు.

తరువాతిది కడుగుట. కుళాయిలు మూసి, మంచినీరు నింపి, ఇంజనును కొంతసేపు నడిపి, థర్మోస్టాటు తెరచికొన్న పిదప ఆపి, చల్లారనిచ్చి, మరల నీటిని విడువవలెను. వెలువడు నీరు తేటపడువరకు దీనిని మరల మరల చేయవలసినదే. త్రుప్పు మెండుగా నున్నచో మేస్త్రీలు నిమ్మఉప్పు నీటిలో కరగించి ఇంజనులో పోసి నడుపుదురు. అది పెచ్చును, త్రుప్పును కరగించును. కాని అదియు ఆమ్లమే గనుక, దానిని లోపల నిలువనీయక పలుమార్లు మంచినీటితో కడిగివేయవలెను. రేడియేటరు గొట్టములు మూసికొనియున్నచో, రెండు రబ్బరు గొట్టములను విప్పి, అడుగు ద్వారమునుండి పైకి మెల్లని ధారతో నీటిని ఎదురు పంపుదురు. వచ్చిన దారినే పోవలసివచ్చుటచే మడ్డి సులభముగా కదలును. ధార జోరుగా ఉన్నచో పాత అతుకులు విడిపోవును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. బహుకాలము కడుగని రేడియేటరును శుభ్రముగా కడిగిన మరునాడే అది కారుట మొదలిడవచ్చును. యజమాని మేస్త్రీని నిందించును. నిజమునకు ఆ చిల్లు పాతదే. ఇన్నాళ్లును త్రుప్పుముద్దయే దానికి బిరడాగా నిలిచినది. నడిరేయి నిర్జనమైన రోడ్డుమీద తెరచికొనవలసిన చిల్లు ఇంటిముంగిట తెరచికొన్నది గనుక, అట్టి యజమాని అదృష్టవంతుడనియే చెప్పవలెను. రేడియేటరు పని తెలిసినవాడు దానిని టంకముతో అతుకగలడు. ఈ సందర్భముననే రబ్బరు గొట్టములను చేతితో నొక్కి చూచుటయు మంచిది. బీటలు వారినవియు, మెత్తబడి ఉబ్బినవియు పనికిరావు.

నింపునప్పుడు కొలత ముఖ్యము. కడిగిన ఇంజనులో ఎంత విడిచినను కొంత నీరు మిగిలియుండును. ముందే సగపాలుగా కలిపిన ద్రవమును పోసినచో అది లోపలి నీటితో కలిసి పలుచబడును. అందుచేత ఇంజను మొత్తము పట్టు కొలతలో సగము చిక్కని కూలెంటును మొదట పోసి, మిగిలిన కొలతను స్వేదనజలముతో నింపుదురు. బ్యాటరీనీరను పేర దుకాణములలో అమ్ముడుపోవునది ఇదియే. దీనిలో లవణములు లేకుండుటచే పెచ్చు కట్టదు. సగము మేలైనచో మొత్తము కూలెంటే పోసిన ఇంకను మేలుగదా అని కొందరు తలతురు. అది పొరపాటు. వేడిమిని మోయుటలో నీటికి సాటియైనది లేదు. గ్లైకాలు ఆ పనిలో నీటికంటె తక్కువది. పైగా కలపని గ్లైకాలు సున్నకు దిగువ 13 డిగ్రీలకే గడ్డకట్టును. చలికైనను, ఎండకైనను మిశ్రమమే తగినది.

ద్రవమును మెల్లగా పోయవలెను. తొందరగా పోసినచో లోపలి గాలి బయటికి రాలేక బుడగయై చిక్కుకొనును. బుడగ ఉన్నచోట లోహమునకు నీరు తగులదు. బండిలో హీటరు ఉన్నచో దాని కవాటమును తెరచియే ఉంచవలెను. పిదప, చల్లని ఇంజనును మూత పెట్టకయే నడుపుదురు. థర్మోస్టాటు తెరచికొన్నప్పుడు బుడగలు పైకి వచ్చి, ద్రవమట్టము ఒక్కసారిగా దిగిపోవును. తగ్గినంత మరల పోసి మూత బిగింతురు. పాత అంబాసిడరులలో పొంగిన ద్రవమును పట్టు వేరు డబ్బా లేదు. కావున వేడిచే వ్యాకోచించుటకై పైన అంగుళము మేర ఖాళీ విడుతురు. అట్లు విడువనిచో ఆ అంగుళపు ద్రవము తానే పొంగి రోడ్డు పాలగును.

బండి పని ఇంతటితో తీరినను, తొట్టిలోని పాత ద్రవము మిగిలియే యున్నది. దీనిని గూర్చి ఎక్కువ జాగ్రత్త కావలెను. ఇథిలీన్ గ్లైకాలు రుచికి తియ్యగా నుండును, అది విషము. శరీరములో చేరిన పిమ్మట అది ఆమ్లములుగా మారి, మూత్రపిండములలో స్ఫటికములు కట్టి, వానిని పాడుచేయును. పిల్లి ప్రాణము తీయుటకు ఒకటి రెండు చెంచాలు చాలును. ముంగిట పారబోసిన తియ్యని ఆకుపచ్చ నీటిని కుక్క నాకును. ఆడుకొను పసివాడు శీతలపానీయమని తలచి త్రాగవచ్చును. త్రాగినట్లు అనుమానము కలిగినచో, బాధ కనబడువరకు ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. ఏలయన, మొదటి గంటలలో మత్తు వంటిది తప్ప వేరు గుర్తులు కనబడకపోవచ్చును. కాబట్టి పాత ద్రవమును కాలువలోగాని, బావిగట్టునగాని, చెట్టు మొదటగాని పోయరాదు. మూతగల డబ్బాలో నింపి, పేరు వ్రాసి, పిల్లలకు అందనిచోట ఉంచి, వాడిన నూనెలను సేకరించు వర్క్‌షాపునకు అప్పగించవలెను. శీతలపానీయపు ఖాళీ సీసాలో దానిని పోసి ఉంచుట అన్నిటికంటె ప్రమాదకరము.

కొత్త ద్రవము పోసిన వారమునకు, ఉదయమున ఇంజను చల్లగా నున్నప్పుడు, మూత తీసి ఒకసారి చూడవలెను. మట్టము కొద్దిగా తగ్గియుండుట సహజము. చిక్కుకొన్న చివరి బుడగలు అప్పటికి బయటపడును. తగ్గిన మేరకు అదే మిశ్రమమును పోయవచ్చును. ద్రవము తేటగా నున్నచో మూత బిగించి బండిని కొండకైనను నడుపవచ్చును. చేతివ్రేలికి ఎర్రని మడ్డి అంటినచో కడుగుట ఇంకను ముగియలేదని అర్థము. తొట్టిని మరల బండి క్రిందికి త్రోయవలసినదే.